‘ఏ ఉద్యోగమైనా సరే’ అనొద్దమ్మా

ప్రశ్న: సార్, నమస్తే. మాది ప్రొద్దుటూరు. ఇక్కడే బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. సీజీపీఏ 7.4, ఒక్క సప్లీ కూడా లేదు. ఈ వేసవితో డిగ్రీ అయిపోతుంది. మా కాలేజీకి క్యాంపస్ ఇంటర్వ్యూలంటూ వచ్చే కంపెనీలు ఒకటో రెండో. అవి కూడా కాల్ సెంటర్లు, లోన్ కలెక్షన్ వాళ్లు. నాన్న నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నాడు. నా ఫ్రెండ్స్ ఇద్దరు సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం అమీర్‌పేటలో హాస్టల్ చూసుకున్నారు, నన్నూ రమ్మంటున్నారు. నాకు అనుభవం ఏమీ లేదు. రెండేళ్లుగా సాయంత్రం పూట మా మామ బట్టల షాపులో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిల్లింగ్ చూస్తున్నాను గానీ అది ఉద్యోగం కిందికి రాదు కదా. దాని వల్ల చదువు కూడా వెనకబడుతోంది. పోయిన దసరాకు జీఎస్టీ రేట్లు మారితే రెండు రాత్రులు ట్యాలీలో ఐటమ్‌లు సరిచేస్తూ కూర్చున్నాను. ఆరో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కి సర్టిఫికెట్, రిపోర్టు డబ్బులిస్తే దొరుకుతాయంటున్నారు, తీసుకోవచ్చా? నా రెజ్యూమె కూడా జత చేశాను. ఏ ఉద్యోగమైనా సరే సార్, చేస్తాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, నీ ఉత్తరం చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘రెండు రాత్రులు ట్యాలీలో ఐటమ్‌లు సరిచేస్తూ కూర్చున్నాను’ అన్నావే, అదిగో అక్కడ. ఆ ముక్క నీ రెజ్యూమెలో ఎక్కడుందా అని వెతికాను. లేదు. ‘హాబీలు: పాటలు వినడం, వంట’ అని మాత్రం ఉంది.

నేను యర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగుల్ని తీసుకునే పర్సొనెల్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగం అడగడానికి వచ్చిన పిల్లల్ని ‘ఏం పని చేస్తావమ్మా?’ అని అడిగితే చాలామంది నీలాగే ‘ఏదైనా సరే సార్’ అనేవాళ్లు. అది వినయమనుకుంటారు. కుర్చీలో ఇటువైపు కూర్చున్నవాడికి అట్లా వినపడదు. ‘నేనేం చేయగలనో నాకు తెలీదు, మీరే కనుక్కోండి’ అన్నట్టుంటుంది. కనుక్కునే తీరిక మాకెక్కడిది? అదే ఒక అబ్బాయి వచ్చి ‘సార్, స్టోర్స్‌లో ఖాళీ ఉంటే చెప్పండి, స్టాక్ రిజిస్టర్ రాయడం వచ్చు’ అంటే, ఆ రోజు ఖాళీ లేకపోయినా వాడి ఫోన్ నంబర్ రాసిపెట్టుకునేవాళ్లం. కాబట్టి ముందు నీ పనికి ఒక పేరు పెట్టు. నీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఆ పేరు ‘అకౌంట్స్ అసిస్టెంట్’. కంపెనీల్లో దీన్నే అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ అనో, పెద్ద నగరాల బ్యాక్ ఆఫీసుల్లో ప్రాసెస్ అసోసియేట్, అకౌంట్స్ పేయబుల్ అనో పిలుస్తారు. ఉద్యోగాల సైట్లలో ఈ పేర్లతోనే వెతుకు. ‘ఫ్రెషర్ జాబ్స్’ అని కొట్టావంటే నీకు తగిలేవి మళ్లీ ఆ లోన్ కలెక్షన్ కాల్సే.

అనుభవం లేదన్నావు. సరే, పోయిన దసరా సంగతే తీసుకుందాం. 2025 సెప్టెంబరు 22, సోమవారం. నవరాత్రులు మొదలైన రోజు, కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చిన రోజు, రెండూ ఒకటే. ప్రొద్దుటూరులో అమ్మవారిశాల దసరా అంటే బట్టల షాపుల్లో కాలు పెట్టే సందు ఉండదని వేరే ఊరివాళ్లకు చెప్పాలి గానీ నీకు చెప్పక్కర్లేదు. అంతకుముందు రెడీమేడ్ బట్టలు ఒక్కోటి వెయ్యి రూపాయల దాకా 5 శాతం, దాటితే 12 శాతం. ఆ రోజు నుంచి 2,500 దాకా 5 శాతం, దాటితే 18 శాతం. అంటే వెయ్యిలోపు సరుకును కదిలించే పనిలేదు, మధ్యలో ఉన్నదంతా తగ్గింది, పైనున్నది పెరిగింది. స్టాక్ ఐటమ్ ఒక్కొక్కటీ తెరిచి, ఏ తేదీ నుంచి ఏ రేటు పడాలో ఇచ్చి, 2,500 దగ్గర స్లాబు విరిగేట్టు పెట్టి, తెల్లారి మొదటి బిల్లు సరిగ్గా వస్తోందా అని చూసుకొని ఉంటావు. మీ మామ ఆ సీజన్‌లో బిల్లింగ్ ఆపకుండా అమ్ముకున్నాడంటే నువ్వు ఆ రాత్రులు కూర్చోబట్టే. దీన్ని అనుభవం కాదని నీకు ఎవరు చెప్పారమ్మా?

నేనే నిన్ను ఇంటర్వ్యూ చేస్తే ఇంకేమీ అడగను, దీని మీదే పావుగంట అడుగుతాను. 2,700 రేటున్న చుడీదార్ సెట్టుకు డిస్కౌంట్ ఇచ్చి 2,450కి అమ్మితే పన్నెంత? (అమ్మిన ధర చూస్తారు కాబట్టి 5 శాతం.) సెప్టెంబరు 20న 12 శాతంతో బిల్లు చేసిన సరుకు 25న వాపసొస్తే క్రెడిట్ నోట్ ఏ రేటుకు వేస్తావు? (పాత బిల్లు రేటుకే.) వీటికి తడుముకోకుండా చెప్పిందంటే ఆ పిల్ల సీజీపీఏ 7.4 ఉందా 6.4 ఉందా అని నేను కాగితం తిప్పి చూడను.

ఇక రెజ్యూమె. మొహమాటం లేకుండా చెప్తాను, ఏమనుకోకు. మొదటి పేరా, ఆ ‘సవాళ్లతో కూడిన పేరున్న సంస్థలో నా నైపుణ్యాలను వినియోగించుకుంటూ’ అన్నది, కొట్టేయి. నెట్ సెంటర్ కంప్యూటర్లో పుట్టి ఊరూరా తిరుగుతున్న వాక్యం అది. దాన్ని ఇంతవరకు చదివినవాడు ఎవడూ లేడు. తండ్రి పేరు, మతం, పెళ్లయిందా లేదా, చివర ‘పైవన్నీ నిజమని ప్రమాణం’, ఇవీ తీసేయి. ‘ఎంఎస్ ఆఫీస్ బాగా వచ్చు’ అన్నావు, ఎంత బాగా? ఎక్సెల్‌లో వీలుకప్, పైవట్ టేబుల్ వస్తే ఆ రెండు పేర్లే రాయి. రాకపోతే ఈ ఆదివారం మీ షాపు అమ్మకాల షీటు ముందేసుకొని నేర్చుకో. నీ ఈమెయిల్ ఐడీలో ‘స్వీటీ ఏంజెల్’ ఉంది. ఇంటర్ చదివేటప్పుడు పెట్టుకున్నట్టున్నావు. నీ పేరుతో కొత్తది తెరువు.

కొట్టేసిన చోట ఏం రాయాలంటావా, ఇట్లా రాయి, ఇంగ్లీషులో తేలిక మాటల్లో: ‘ప్రొద్దుటూరులో బట్టల షాపులో రెండేళ్లుగా పార్ట్‌టైమ్ బిల్లింగ్, స్టాక్ ఎంట్రీ. ట్యాలీ ప్రైమ్. 2025 సెప్టెంబరులో జీఎస్టీ రేట్లు మారినప్పుడు రెడీమేడ్ సరుకు మొత్తానికి కొత్త రేట్లు పెట్టాను.’ ఎన్ని ఐటమ్‌లో లెక్కేసి ఆ అంకె కూడా వేయి. నెలనెలా జీఎస్టీఆర్-1కి, అంటే అమ్మకాల రిటర్నుకు, వివరాలు తీసి ఆడిటర్‌కు పంపేది నువ్వే అయితే అదీ రాయి. నువ్వు కాకపోతే రాయొద్దు. తర్వాత అడిగేది ఆ ముక్కనే. మామ షాపని దాచాల్సిన పనీ లేదు, ఎత్తి చెప్పాల్సిన పనీ లేదు. అడిగితే చెప్పు.

సర్టిఫికెట్ కొనుక్కోవచ్చా అని అడిగావు. కొనొద్దు. నీతి సంగతి పక్కన పెట్టు, అది నీకు నష్టం. మన డిగ్రీలో ఒక సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్ పెట్టారు, ఆ నెలలు నీ చేతిలో ఉన్నాయి. ఒకసారి మా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చాడు, ఆడిటర్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేశానని మంచి దళసరి కాగితం మీద సర్టిఫికెట్ పట్టుకొని. ‘నెలలో 11వ తేదీ వస్తుందంటే ఆడిటర్ ఆఫీసులో ఎందుకు హడావుడి పడతారబ్బాయ్?’ అన్నాను. ఫ్యాన్ వంక చూశాడు. ‘పోనీ 20వ తేదీ?’ మళ్లీ ఫ్యాన్ వంకే. నెలనెలా రిటర్ను వేసేవాళ్లకు 11న జీఎస్టీఆర్-1, 20న పన్ను కట్టే 3బీ రిటర్ను గడువని ఆ ఆఫీసులో టీ తెచ్చే పిల్లాడికి కూడా తెలిసి ఉంటుంది. ఆ కాగితమే లేకుండా వచ్చుంటే ఆ అబ్బాయిని తీసుకునేవాళ్లమేమో.

మీ మామ షాపు లెక్కలు చూసే ఆడిటర్ ఎవరో ఒకరు ఉంటారు కదా. ఈ సోమవారమే పోయి అడుగు. రోజూ వస్తాను, డబ్బులేమీ వద్దు, పని నేర్పించండి అని. షాపులో నువ్వు చూసింది బిల్లు కొట్టేవైపు, అక్కడ రిటర్ను కట్టేవైపు చూస్తావు. 14న వచ్చే 2బీలో (సప్లయర్లు ఎక్కించిన బిల్లుల జాబితా) ఉన్న కొనుగోళ్లను పుస్తకాల్లో ఉన్నవాటితో సరిపోల్చడం, తేడా వచ్చిన సప్లయర్‌కు ఫోన్ చేసి ‘మీ బిల్లు ఎక్కలేదన్నా’ అని అడగడం, మార్చి నెలాఖరు పుస్తకాల ముగింపు. ఈ చక్రం మూడు నాలుగు నెలలు తిరిగావంటే ఇంటర్వ్యూలో నీ గొంతే మారిపోతుంది. పైగా ఆడిటర్‌కు పాతిక ముప్పై మంది వ్యాపారులు క్లయింట్లుగా ఉంటారు. ‘లెక్కలు చూసే పిల్ల ఎవరైనా ఉంటే చెప్పండి సార్’ అని వాళ్లు అడిగేది ఆయన్నే. మనకాడ ఇట్లాంటి ఉద్యోగాలు పేపర్లో పడవు, ఇట్లాగే పోతాయి. మొదటి జీతం తక్కువుంటుంది, అది కూడా ముందే చెప్తున్నాను.

నాన్న మాట. ఆయన తప్పేమీ అనలేదు. నంద్యాలకు బ్యాంకు కోచింగ్‌లో ఉన్న పేరు ఊరికే రాలేదు. 2016లో యర్రగుంట్ల రైలు లైను పడ్డాక మీ ఊరికి దగ్గర కూడా అయింది. కానీ చేరేముందు పరీక్ష ఏమిటో చూడు. ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ క్లర్క్ (ఇప్పుడు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటున్నారు) పరీక్ష మొదటి దశ, ప్రిలిమ్స్‌లో గంటలో 100 ప్రశ్నలు. తప్పుకు పావు మార్కు పోతుంది. వయసు 20 నుంచి 28 దాకా, రిజర్వేషన్ ఉంటే ఇంకొంచెం. అంటే నీకు గడువు చాలా ఉంది, ఈ వేసవే ఆఖరి రైలన్నట్టు పరిగెత్తక్కర్లేదు. ఫోన్లో ఉచితంగా దొరికే మాక్ టెస్టులు టైము పెట్టుకొని ఓ నెల రాయి. మార్కులు వారం వారం పెరుగుతున్నాయా, ఆ లెక్కలు చేస్తుంటే నీకు హుషారుగా ఉందా? అయితే నాన్నతో కూర్చొని ఇన్ని నెలలు, ఇంత డబ్బు అని ముందే అనుకొని వెళ్లు. ‘వచ్చేదాకా రాస్తా’ అని మాత్రం వెళ్లొద్దు. అట్లా వెళ్లి నాలుగేళ్లు హాస్టల్లోనే ఉండిపోయినవాళ్లు మీ వీధిలో కూడా ఒకరిద్దరు ఉంటారు. వాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు. ఎప్పుడు ఆపాలో ముందే అనుకోలేదు, అంతే.

అమీర్‌పేట గురించి తొందరగా తేల్చేస్తాను. ప్రోగ్రామింగ్ నీకు ఇష్టమైతే వెళ్లు. ఫ్రెండ్స్ వెళ్తున్నారని వెళ్లేట్టయితే వద్దు.

ఇంకో దారి అప్రెంటిస్‌షిప్. ఇంజనీరింగ్ వాళ్లకే అనుకుంటారు, బీకాం వాళ్లకూ ఉంది. కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకో. ఏడాది పాటు స్టైపెండ్ ఇచ్చి పని నేర్పుతారు, 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్‌కు కనీసం నెలకు 9,000 అని పెట్టారు, ఇప్పుడెంతో పోర్టల్‌లో చూసుకో. బ్యాంకులు కూడా అప్రెంటీసులను తీసుకుంటున్నాయి. ఏడాది తర్వాత అక్కడే ఉద్యోగమిస్తారన్న హామీ ఉండదు, అది మనసులో పెట్టుకొని చేరు.

కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టు, ఆఫర్ వచ్చాక కాదు. మన పిల్లలకు ఉద్యోగంలో చేరే రోజు వచ్చే తలనొప్పి పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒట్టి ఇనిషియల్, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే ఉండదు. పీఎఫ్ ఖాతా తెరిచేటప్పుడు ఆ మూడూ ముగ్గురు మనుషుల్లా నిలబడతాయి. పదో తరగతి మెమోలో ఎట్లా ఉందో అట్లాగే ఆధార్‌లో సరిచేయించుకో. తర్వాత ఆ ఆధార్‌తో పాన్ తీసుకో. ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్లో ఈ-పాన్ ఉచితం, నెట్ సెంటర్‌కు డబ్బులివ్వక్కర్లేదు. పరీక్షలు అవగానే ప్రొవిజనల్ సర్టిఫికెట్, అన్ని సెమిస్టర్లూ కలిసిన మార్కుల మెమోకు కాలేజీలో అడగడం మొదలుపెట్టు.

ఇంగ్లీషు భయమని నువ్వు రాయలేదు గానీ ఉండే ఉంటుంది. ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అనగానే పేరు, ఊరు, నాన్న వృత్తి, అన్నదమ్ములెందరు అని మొదలుపెడతారు మన పిల్లలు. వాళ్లకు అది అక్కర్లేదు. మీ షాపులో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం జరుగుతుందో ఇంగ్లీషులో రెండు నిమిషాలు చెప్పి ఫోన్లో రికార్డు చేసుకో. విను. మళ్లీ చెప్పు. బిల్లు, స్టాక్, డిస్కౌంట్, రిటర్న్, క్యాష్ టాలీ... సగం మాటలు నువ్వు రోజూ అనే ఇంగ్లీషు మాటలే, మధ్యలో క్రియలు అతకడమే నీ పని. షాపులో రద్దీగా ఉన్నప్పుడు కంపెనీ నుంచి ఫోన్ వస్తే ఆ గోలలోనే మాట్లాడొద్దు, ‘పది నిమిషాల్లో నేనే చేస్తాను మేడమ్’ అని నంబర్ తీసుకో. ఎవరూ తప్పు పట్టరు.

జీతం మాట వచ్చినప్పుడు సీటీసీ అంటారు, అంటే కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు. ఏడాదికి 2 లక్షల 40 వేలు అన్నారనుకో, నెలకు 20,000 చేతికొస్తుందని ఇంట్లో చెప్పేయకు. బేసిక్ 12,000 అయితే కంపెనీ కట్టే పీఎఫ్ 1,440, గ్రాట్యుటీ కింద ఓ 577, ఈఎస్ఐలో కంపెనీ వాటా సుమారు 566, ఈ మూడూ ఆ ఇరవై వేలలోంచే. మిగిలిన 17,400 చిల్లరలో నీ పీఎఫ్ 1,440, నీ ఈఎస్ఐ 131, మన రాష్ట్రంలో వృత్తి పన్ను 150 పోతే ఖాతాలో పడేది 15,700 దగ్గర. మోసమేమీ కాదు, పీఎఫ్ డబ్బు నీదే. కానీ బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో హాస్టల్ అద్దె ఈ 15,700లోంచి కట్టాలి. ప్రొద్దుటూరులోనే ఇంటి భోజనం తింటూ 11,000 వచ్చే ఆడిటర్ ఆఫీసు ఉద్యోగాన్నీ దాన్నీ పక్కపక్కన రాసుకొని చూడు. ఊరు దాటడమే గొప్పని ఎవరన్నా నమ్మొద్దు, ఊళ్లోనే ఉండాలని ఎవరన్నా నమ్మొద్దు.

ఆడిటర్‌ను కలిశాక, కొత్త రెజ్యూమె రాశాక నాకు పంపు. ఈసారి ఉత్తరం చివర ఏ ఉద్యోగం కావాలో పేరు పెట్టి రాయి.

ప్రశ్న: నేను గుంతకల్లులో ఉంటాను, మెకానికల్ బీటెక్ ఆఖరి సెమిస్టర్. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఇంటర్వ్యూ ఏమీ లేకుండానే పెద్ద కార్ల కంపెనీ పేరుతో వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ పంపారు. యూనిఫారం, ట్రైనింగ్ కిట్‌కి 18,500 కట్టాలని, చేరగానే వాపసిస్తామని అంటున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా కొరియర్ చేయమంటున్నారు. రెండేళ్ల బాండ్ ఉంటుందట. కట్టేదా సార్?
— ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: కట్టొద్దు నాయనా. ఉద్యోగమిచ్చేవాడు జీతమిస్తాడు, డబ్బడగడు. ఇంటర్వ్యూ జరగలేదు, ఎవరూ నీ మొహం చూడలేదు, ఆఫర్ లెటర్ మాత్రం వచ్చింది. నీకే అనుమానం వచ్చింది కాబట్టే రాశావు. ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్లో ఉద్యోగాల పేజీ తెరిచి అక్కడున్న మెయిల్‌కు ఈ లెటర్ పంపి నిజమా అని అడుగు. కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన నంబర్‌కు చేసి అడిగితే వాళ్లు నిజమనే అంటారు.

ఒరిజినల్స్ ఎవరికీ కొరియర్ చేయొద్దు. అసలు కంపెనీ అయితే చేరే రోజు చూసి, జిరాక్స్ తీసుకొని, అక్కడే తిరిగి చేతిలో పెడుతుంది.

బాండ్ అన్నంత మాత్రాన భయపడక్కర్లేదు గానీ తేలిగ్గానూ తీసుకోవద్దు. మూడేళ్లు చేయకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని నిజమైన కంపెనీ బాండ్ ఇస్తే, ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత, ఏ శిక్షణకు ఆ డబ్బు అన్నవి చదివి సంతకం చెయ్యి. ఈ వాట్సాప్ వాళ్ల బాండ్ మాత్రం చదవడం కూడా దండగ.

ఇప్పటికే ఎంతో కొంత పంపి ఉంటే సిగ్గుపడి ఊరుకోకు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, లావాదేవీ నంబర్, తేదీ, వాళ్ల ఖాతా వివరాలు చెప్పు. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఖాతాలోనే ఆపే వీలు అంత ఉంటుంది. వాట్సాప్ సంభాషణ చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో, ఫిర్యాదుకు అవే కావాలి.